తాబేలుకు బదిలీ ఉత్తరువు



ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో తొమ్మిది బదిలీలు చూసినవాణ్ణి. ఉత్తరువు టైపు చేయడం అయిదు నిమిషాల పని. కొత్త ఊళ్ళో నీళ్ళు పడి, పిల్లలకు బడి దొరికి, కుదురుకోవడమే కష్టమని మనలో తెలియనివారు లేరు. అటువంటి బదిలీయే ఒక తాబేలుకు జరిగింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి జూలో దాన్ని చూసి, ఈ చరిత్ర తెలుసుకున్నాను.

దీనిని పశ్చిమ చిత్తడి తాబేలు అనవచ్చును. నిడివి సుమారు 15 సెంటీమీటర్లు. 1839లో సేకరించిన ఒక తాబేలు వియన్నా మ్యూజియం చేరింది. 1901లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. తరువాత జాడ లేదు. అంతరించిందనుకున్న జీవి 1953లో పెర్త్ దగ్గర మళ్ళీ కనబడింది. 1962లో రెండు చిత్తడి నేలలను రక్షిత ప్రాంతాలు చేశారు. అయినా 1980లలో మిగిలినవి యాభై లోపే. అప్పుడు జూలో గుడ్లు పొదిగించి పిల్లలను పెంచడం మొదలుపెట్టారు. నక్కలు రాకుండా కంచెలు కట్టారు.

కంచె నక్కను ఆపుతుంది గాని కరువును ఆపలేదు గదా! ఈ తాబేలు చలికాలపు వానలకు నిండే గుంటల్లోనే తిని ఎదుగుతుంది. వేసవిలో మట్టిలో దాగి నిద్రపోతుంది. గుంట ముందే ఎండితే ఆ ఏటి పిల్లలు బతకవు. 1970 తరువాత ఆ ప్రాంతంలో చలికాలపు వానలు సుమారు 15 శాతం తగ్గాయి.

అందుకే 2016 ఆగస్టులో 24 పిల్ల తాబేళ్ళను, దక్షిణాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, వాన ఎక్కువ పడే రెండు చోట్ల వదిలారు. వాతావరణ మార్పు వల్ల వెన్నెముక గల జంతువును కొత్త తావుకు తరలించడం ప్రపంచంలో ఇదే మొదటిదని చెబుతారు.

అందరూ చప్పట్లు కొట్టలేదు. ఆ భయం నిరాధారమైనది కాదు. చెరకు పురుగులను తింటుందని 1935లో అదే దేశానికి తెచ్చిన కప్ప, పురుగులను వదిలి తక్కిన జీవాలకు ముప్పయింది. పైగా దక్షిణాన నీరు చల్లన. చల్లని నీటిలో తాబేలు నెమ్మదిగా ఎదుగుతుంది. అందుకని ముందు కొద్దిపాటి పిల్లలతోనే పరీక్షించారు. వాటి వీపున చిన్న రేడియో పరికరాలు అతికించి వెంట నడిచారు.

నాకు నచ్చినది ఇదే. పంపి చేతులు దులుపుకోలేదు. చేరిందా, తిన్నదా, పెరిగిందా అని కనుక్కున్నారు. ఈ తాబేలు ఈడుకు రావడానికి పదేళ్ళు పైనే పడుతుంది. అంతవరకూ ఫైలు మూయరాదు. మన కాలంలో బదిలీ అయినవాడు జాయినింగ్ రిపోర్టు రాసేవాడు. తాబేలు రాయలేదు. దాని తరఫున మనిషే రాయాలి, ఎందుకంటే దాని ఊరి నీరు ఎండడంలో మనిషి చేయి ఉన్నది.

సెలవు.