గంపలు దించి రోడ్డెక్కారు

కొచ్చి నుంచి ధనుష్కోడికి పోయే జాతీయ రహదారి కేరళలోని మున్నార్ మీదుగా సాగుతుంది. 2015 సెప్టెంబరులో ఆ రోడ్డు మీద బండ్లు ఆగిపోయాయి. కొండల మీది ఎస్టేట్ల నుంచి దిగివచ్చిన ఆడవాళ్లు వేలాదిగా బైఠాయించారు. ఎవరి చేతిలోనూ పార్టీ జెండా లేదు. నినాదం ఇస్తున్నదీ, అందుకుంటున్నదీ నిన్నటిదాకా తేయాకు కోసిన చేతులే. మగవాళ్లను దూరంగా ఉండమన్నారు.

పేచీ మొదలైంది బోనసు దగ్గర. కణ్ణన్ దేవన్ హిల్స్ ప్లాంటేషన్స్ కంపెనీ ఆ ఏడు 10 శాతమే ఇస్తామంది. అంతకుముందు ఏడాది ఇచ్చిన దాంట్లో అది దాదాపు సగం. 2005లో టాటా టీ తప్పుకున్నాక ఈ కంపెనీ ఏర్పడింది. అందులో అత్యధిక వాటాలు ఉద్యోగులు, కార్మికులవే. అంటే కాగితం మీద ఈ ఆడవాళ్లు కూడా యజమానులే. ఆ యజమానుల అప్పటి రోజు కూలి 232 రూపాయలు.

ఆ 232 రూపాయల వెనక పని ఎలాంటిదో చెప్పాలి. తెల్లారకముందే లేచి వంట ముగించి, పిల్లల్ని బడికి సిద్ధం చేసి కొండెక్కాలి. వానైనా మంచైనా ఏటవాలులో కాలు నిలదొక్కుకుని రెండాకులూ ఒక మొగ్గా కోయాలి. కాళ్లకు జలగలు పట్టుకుంటాయి. అప్పట్లో రోజుకు 21 కిలోలు తప్పనిసరి, ఆపైన కోసిన కిలోకే అదనపు డబ్బు. గంపెత్తుకుని తూకం దగ్గర వరస కట్టాలి. సాయంత్రం ఇంటికి వస్తే మళ్లీ పొయ్యి. ఆ ఇంటిని అక్కడ లయం అంటారు. బ్రిటిష్ కాలం నాటి వరస ఇళ్లు, ఒక చిన్న గది, వంటకు కాస్త చోటు. అదీ కంపెనీదే. ఉద్యోగ విరమణ చేసిన నాడు, ఇంట్లో ఇంకొకరు తోటపనిలో చేరకపోతే ఖాళీ చేయాలి. బిడ్డ చదువుకుని వేరే ఉద్యోగానికి పోతే తల్లి నెత్తిన కప్పు పోతుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

వీళ్లలో ఎక్కువమంది దళితులు, తమిళులు. తాతముత్తాతల్ని కంగాణీలు, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీలు, తమిళ జిల్లాల నుంచి కొండలకు తెచ్చారు. తరాలు గడిచినా మలయాళ రాష్ట్రంలో వాళ్లు పరాయివాళ్లే. ఆడవాళ్లు, దళితులు, పరభాషవాళ్లు, పైగా సొంత జాగా లేనివాళ్లు.

మరి యూనియన్లు లేవా? ఉన్నాయి, మూడు పెద్దవి: సిఐటియు, ఏఐటియుసి, ఐఎన్‌టియుసి. దశాబ్దాలుగా ఈ ఆడవాళ్ల చందాలతో నడిచినవే. కానీ కోతపని అంతా ఆడవాళ్లది, బేరాల బల్ల దగ్గర కుర్చీలన్నీ మగవాళ్లవి. నాయకులు కంపెనీతో కుమ్మక్కయ్యారనీ, కంపెనీ వాళ్లకు ఇళ్లూ సౌకర్యాలూ సమకూర్చిందనీ కార్మికురాళ్లు బాహాటంగా ఆరోపించారు. అందుకే ఆ సెప్టెంబరులో వాళ్ల కోపం కంపెనీ దగ్గర ఆగలేదు. యూనియన్ ఆఫీసుల మీదికి వెళ్లారు. మద్దతు చెప్పడానికి వచ్చిన నాయకులను వచ్చిన దారినే పంపేశారు. స్థానిక ఎమ్మెల్యేకూ అదే మర్యాద జరిగింది. గంపలు మోసేది మేము, డబ్బు సంచులు మోసేది మీరా అన్నదే వాళ్ల నినాదాల సారాంశం.

కార్మికోద్యమాన్ని ప్రేమించేవాళ్లకు ఆ దృశ్యం గుచ్చుకుంటుంది. ఎర్రజెండా నీడన పెరిగిన కొండల్లో ఎర్రజెండానే వద్దన్నారు. దాని వెనక ఎవరిదో కుట్ర ఉందని అప్పట్లో అన్నవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. తమ పేరు మీద ఇంకొకరు సంతకం పెట్టడం ఇక చాలని వాళ్లు తేల్చేశారు, అంతే.

తొమ్మిది రోజులు గడిచాయి. మున్నార్‌కు పర్యాటకుల రాక తెగిపోయింది. సెప్టెంబరు 13, ఆదివారం. అప్పటి ప్రతిపక్ష నేత, 91 ఏళ్ల వి.ఎస్. అచ్యుతానందన్ కొండెక్కి వచ్చారు. ఆయన్ను మాత్రం ఆడవాళ్లు అక్కున చేర్చుకున్నారు. తేలేదాకా కదలనని ఆయన వాళ్ల మధ్యే కూర్చున్నారు. అటు ఎర్నాకుళంలో ముఖ్యమంత్రి ఊమెన్ చాందీ ఆధ్వర్యంలో చర్చలు. ఈసారి బల్ల దగ్గర కార్మికురాళ్ల ప్రతినిధులూ ఉన్నారు. రాత్రికి కబురొచ్చింది: 8.33 శాతం బోనసు, 11.67 శాతం ఎక్స్‌గ్రేషియా, మొత్తం 20 శాతం. అడిగినంతా వచ్చింది. రోడ్డు మీద కేరింతలు మిన్నంటాయి.

ఆ కూటమికి పెంబిళై ఒరుమై అని పేరు, ఆడవాళ్ల ఐకమత్యం అని. లిస్సీ సన్నీ, గోమతి వంటి కార్మికురాళ్లు ముందు నిలిచారు. తర్వాతి డిమాండు రోజుకు 500 రూపాయల కూలి. ఈసారి పాత యూనియన్లు కూడా విడిగా సమ్మెకు దిగక తప్పలేదు. అక్టోబరులో 301 రూపాయల దగ్గర తెగింది, దాంతోపాటు కోత లెక్క 21 కిలోల నుంచి 25కు పెరిగింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నారు. నవంబరు స్థానిక ఎన్నికల్లో గోమతి బ్లాక్ పంచాయతీకి గెలిచింది. తర్వాత నాయకురాళ్ల మధ్య విభేదాలొచ్చాయి, కూటమి బలహీనపడింది. దాన్ని దాచడం అనవసరం.

2020 ఆగస్టు 6 రాత్రి మున్నార్ దగ్గరి పెట్టిముడిలో కొండచరియ విరిగి లయాల మీద పడింది. 70 మంది పోయారు. తోట కూలీలు, వాళ్ల పిల్లలు, ముసలివాళ్లు. వారం తర్వాత అప్పటి ముఖ్యమంత్రి అక్కడికి వచ్చినప్పుడు గోమతి ఆయన వాహనాన్ని అడ్డుకోబోయింది. తోట కార్మికులకు సొంత భూమి, సొంత ఇల్లు కావాలన్నది ఆమె డిమాండు. పోలీసులు ఆమెను పట్టుకెళ్లారు.

మున్నార్‌కు మన తెలుగువాళ్లు ఏటా వెళుతుంటారు. పచ్చటి తోటల ముందు ఫొటోలు దిగుతారు. ఈసారి వెళితే ఆ పచ్చదనం అంచున వరసగా కనిపించే చిన్న ఇళ్లను చూడండి, అక్కడి ఆడవాళ్లను పలకరించండి. ఇక యూనియన్ పెద్దలకు ఒక్క మాట. కోసేవాళ్లకు కమిటీల్లో కుర్చీ ఇవ్వండి. నౌకరీతో పాటు ఊడిపోని ఇంటి కోసం, సొంత జాగా కోసం కూడా సమ్మె నోటీసు ఇవ్వండి.