చవక కరెంటు వేళలు

కరెంటు బిల్లులో యూనిట్ ధర ఇరవై నాలుగు గంటలూ ఒకటే ఉండవచ్చు గానీ, ఆ యూనిట్‌ను అందించే ఖర్చు మాత్రం గంటగంటకూ మారుతుంది. సాయంత్రం ఊరంతా ఒక్కసారే స్విచ్చులు వేసే వేళకు సరిపడా కేంద్రాలు, లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు సిద్ధంగా ఉండాలి. అర్ధరాత్రి దాటాక వాటిలో చాలా భాగం ఖాళీగా ఉంటుంది, పెట్టుబడి మీద వడ్డీ మాత్రం ఆగదు. పగటికో రేటు, రాత్రికో రేటు అనే పద్ధతి ఈ లెక్కలోంచి పుట్టింది.

ఈ లెక్కను మొదట విడమరిచి చెప్పినవాడు బ్రిటిష్ ఇంజినీరు జాన్ హాప్కిన్సన్. వాడినా వాడకపోయినా సరఫరాకు సిద్ధంగా ఉండటానికే పెద్ద ఖర్చు అవుతుందనీ, ఛార్జీల్లో దాన్ని విడిగా లెక్కించాలనీ 1892లో ఒక ప్రసంగంలో వాదించాడు. ఆ దశాబ్దంలోనే బ్రైటన్ పట్టణ విద్యుత్ ఇంజినీరు ఆర్థర్ రైట్, వినియోగదారుడి గరిష్ఠ వాడకాన్ని నమోదు చేసే పరికరాన్ని తయారుచేశాడు.

రాత్రికి వేరే రేటు అనే ఆలోచన బ్రిటన్ ఇళ్లలోకి వచ్చింది చలి కారణంగానే. పెద్ద బొగ్గు కేంద్రాల బాయిలర్లను రోజూ రాత్రి ఆపి, తెల్లారి మళ్లీ రాజేయడం ఖరీదైన పని. 1956లో కాల్డర్ హాల్‌తో మొదలైన అణు కేంద్రాలు ఎడతెగకుండా నడిస్తేనే గిట్టుబాటు. రాత్రి మిగిలే ఈ కరెంటుకు గిరాకీ కల్పించింది స్టోరేజ్ హీటరు. రాత్రంతా అందులోని ఇటుకలు బాగా వేడెక్కుతాయి, పగలు ఆ వేడిని మెల్లమెల్లగా గదిలోకి వదులుతాయి. 1960లలో ఈ హీటర్లు విరివిగా ఇళ్లకు చేరాయి. 1978లో ‘ఎకానమీ 7’ పథకం వచ్చింది. రాత్రి ఏడు గంటలపాటు కరెంటు చవక, మిగతా పదిహేడు గంటలూ మామూలు కంటే కొంత ప్రియం.

దీనికి మీటరులో రెండు అంకెల వరుసలు ఉంటాయి. ఒకటి రాత్రి యూనిట్లు లెక్కిస్తే, మరొకటి పగటివి లెక్కిస్తుంది. రేటు మారే వేళను కొన్ని ఇళ్లలో టైమరు చూసుకునేది. మరికొన్ని ఇళ్లకు బీబీసీ రేడియో 4 లాంగ్ వేవ్ ప్రసారంతో కలిపి సంకేతం పంపేవారు.

లాభనష్టాలు తేల్చేది రాత్రి వాడకం వాటా. ఉదాహరణకు ఒకే రేటు పద్ధతిలో యూనిట్ 6 రూపాయలనీ, రెండు రేట్ల పద్ధతిలో పగలు 7.20, రాత్రి 3.60 అనీ అనుకుందాం. మొత్తం వాడకంలో మూడో వంతు రాత్రికి పడితే రెండు బిల్లులూ సమానమవుతాయి. అంతకు మించితే లాభం, తగ్గితే నష్టం. బ్రిటన్‌లో గ్యాస్‌తో ఇల్లు వేడి చేసుకునే కుటుంబానికి రాత్రి రేటుతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

సౌర విద్యుత్తు పెరిగాక చవక వేళ రాత్రి నుంచి మధ్యాహ్నానికి జరుగుతోంది. ఫ్రాన్స్ 2025 నవంబరు నుంచి తన చవక గంటల్లో కొన్నిటిని మధ్యాహ్నానికి మార్చడం మొదలుపెట్టింది. భారత ప్రభుత్వం 2023 జూన్‌లో సవరించిన నిబంధనలదీ ఇదే దారి. వాటి ప్రకారం సౌర గంటల్లో రేటు మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. వాడకం బాగా పెరిగే పీక్ గంటల్లో వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు కనీసం 20 శాతం, ఇళ్లతో సహా ఇతరులకు కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలి. పది కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ 1, వ్యవసాయం మినహా మిగతావారికి 2025 ఏప్రిల్ 1 గడువుగా పెట్టారు. ఇంట్లో స్మార్ట్ మీటరు బిగించాకే ఇది వర్తిస్తుంది. ఏ గంటలు పీక్, ఏవి సౌర గంటలు అన్నది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది.

తెలుగు ఇళ్లలో ఫ్రిజ్, ఫ్యాన్, లైట్లను వేళ చూసి వాడటం కుదరదు. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ స్కూటరు ఛార్జింగ్‌ను మాత్రం జరపవచ్చు. రెండు రేట్ల మీటరు తనంతట తాను బిల్లు తగ్గించదు. ఈ పనుల్లో ఎన్నిటిని చవక గంటలకు మార్చగలిగితే అంత మేరకే ఆదా.