వైర్‌లెస్ మెష్‌లో ఈథర్‌నెట్ పోర్టులకు వీల్యాన్ అమరిక

వైర్‌లెస్ మెష్ అనేది కేబుల్ అవసరం లేకుండా రేడియో లింకుల ద్వారా ఒకదాని ట్రాఫిక్‌ను మరొకటి ముందుకు చేరవేసే నోడ్‌ల నెట్‌వర్క్. ఈ నోడ్‌లకున్న ఈథర్‌నెట్ పోర్టులకు కెమెరాలు, కంప్యూటర్లు, స్విచ్‌ల వంటి వైరు పరికరాలను కలిపినప్పుడు, వాటి ట్రాఫిక్‌ను వేర్వేరు విభాగాలుగా ఉంచేందుకు పోర్టులను వీల్యాన్‌లకు కేటాయిస్తారు. ఒకే భౌతిక నెట్‌వర్క్‌ను తార్కికంగా విడదీసి ఏర్పరచిన స్థానిక నెట్‌వర్క్‌ను వీల్యాన్ అంటారు.

ట్యాగు నిర్మాణం

వీల్యాన్‌ల గుర్తింపు విధానాన్ని 1998లో వెలువడిన ఐఈఈఈ 802.1క్యూ ప్రమాణం నిర్దేశించింది. దీని ప్రకారం ఈథర్‌నెట్ ఫ్రేములో, పంపినవారి చిరునామా తరువాత, 4 బైట్ల ట్యాగు చేరుతుంది. అందులో వీల్యాన్ సంఖ్యకు 12 బిట్లు, ప్రాధాన్యానికి 3 బిట్లు ఉంటాయి. 12 బిట్లతో 4096 విలువలు సాధ్యమైనా 0, 4095 ప్రత్యేకించినవి కావడం వల్ల వాడుకకు 4094 మిగులుతాయి.

పోర్టు విధాలు

యాక్సెస్ పోర్టు ఒకే వీల్యాన్‌కు చెందుతుంది. ట్యాగు సంగతి తెలియని పరికరం పంపిన ఫ్రేముకు నోడ్ తానే ట్యాగు తగిలించి, తిరిగి వచ్చే ఫ్రేము నుంచి దానిని తొలగించి అందిస్తుంది. ట్రంక్ పోర్టు పలు వీల్యాన్‌ల ఫ్రేములను ట్యాగుతోనే మోస్తుంది కనుక స్విచ్‌ను గాని, రౌటర్‌ను గాని కలపడానికి తగినది. ట్రంక్‌పై ట్యాగు లేకుండా వచ్చిన ఫ్రేము ఏ వీల్యాన్‌కు చెందాలో నిర్ణయించేది నేటివ్ వీల్యాన్. దీని సంఖ్య రెండు కొసల వద్దా ఒకటే కాకపోతే ఒక విభాగపు ట్రాఫిక్ మరొక విభాగంలోకి జారిపోతుంది.

మెష్‌లోని ప్రత్యేకత

సాధారణ వైఫై క్లయింటు ఫ్రేములో మూడు చిరునామాలే ఉండడం వల్ల, నోడ్ వెనుక ఈథర్‌నెట్‌పై ఉన్న పరికరాల చిరునామాలకు అందులో చోటు ఉండదు. అందువల్ల రేడియో లింకుపై బ్రిడ్జింగ్‌కు నాలుగు చిరునామాల ఫ్రేమును, లేదా 2011లో ఆమోదం పొందిన 802.11ఎస్‌లోని విస్తరించిన చిరునామా పద్ధతిని వాడతారు. అదే సంవత్సరం లినక్స్ కెర్నెల్‌లో చేరిన బ్యాట్‌మన్-అడ్వాన్స్‌డ్ మాడ్యూల్ మెష్ మొత్తాన్ని ఒక వర్చువల్ ఇంటర్‌ఫేస్‌గా చూపుతుంది కాబట్టి, దానిని బ్రిడ్జిలో ట్రంక్ పోర్టులాగా చేర్చి, భౌతిక పోర్టును యాక్సెస్ పోర్టుగా ఉంచవచ్చు.

ఉదాహరణకు, స్తంభంపైనున్న నోడ్‌కు కలిపిన కెమెరాను వీల్యాన్ 30లో ఉంచాలంటే ఆ పోర్టును 30కి యాక్సెస్‌గా అమర్చడంతో పని పూర్తి కాదు. మెష్ ఇంటర్‌ఫేస్‌పైనా, వైరు నెట్‌వర్క్‌ను తాకే గేట్‌వే నోడ్ పోర్టుపైనా, దాని ఎదుట ఉన్న స్విచ్ పోర్టుపైనా 30 ట్యాగుతో అనుమతి పొంది ఉండాలి. వీటిలో ఏ ఒక్కచోట ఆ సంఖ్య లోపించినా, లింకు పనిచేస్తున్నట్టే కనిపిస్తున్నా కెమెరాకు ఐపీ చిరునామా అందదు.

జాగ్రత్తలు

ట్యాగుకు 4 బైట్లు, మెష్ ప్రోటోకాల్ హెడర్‌కు మరికొన్ని బైట్లు అదనంగా కావాలి కనుక, రేడియో ఇంటర్‌ఫేస్‌పై ఫ్రేము పరిమాణ పరిమితిని 1500 బైట్ల కన్నా పెంచుతారు. లేకపోతే చిన్న ప్యాకెట్లు సాఫీగా సాగినా పెద్దవి ముక్కలై వేగం తగ్గవచ్చు, లేదా అసలే చేరకపోవచ్చు. రెండు నోడ్‌లు రేడియోతో పాటు కేబుల్‌తోనూ కలిసి ఉంటే ఫ్రేములు వలయంలో తిరుగుతూ నెట్‌వర్క్‌ను స్తంభింపజేస్తాయి గనుక, స్పానింగ్ ట్రీ వంటి వలయ నివారణ పద్ధతి అవసరం. వీల్యాన్ ఫిల్టరింగ్‌ను ఆన్ చేసే ముందు నిర్వహణ వీల్యాన్‌కు ఒక పోర్టును మిగల్చడం ఆనవాయితీ, ఎందుకంటే అమరికలో పొరపాటు జరిగితే దూరపు నోడ్‌ను చేరడానికి వేరే దారి ఉండదు.

వీల్యాన్ ట్రాఫిక్‌ను విడదీస్తుందే గాని రహస్యం చేయదు. గాలిలో ప్రయాణించే ఫ్రేములకు రక్షణ రేడియో లింకు ఎన్‌క్రిప్షన్ వల్లనే లభిస్తుంది.