తొలి ఇల్లు అమ్మాలంటే: బేరం నెమ్మదిగా సాగే మన ఊళ్లలో తెలుసుకోవలసిన సంగతులు

దిబ్బూరహళ్ళి, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి వైపు తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాలలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచు వినిపిస్తోంది. పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు, పెద్దవాళ్లు చిక్కబళ్లాపురమో చింతామణో చేరారు. ఊళ్లో ఉన్న మొదటి ఇంటికి తాళం పడింది. అమ్ముదామంటే ఏడాది తిరిగినా సరైన బేరం రాదు. వచ్చిన బేరం పత్రాల దగ్గర ఆగిపోతుంది. సంఘం కార్యదర్శిగా నన్ను అడిగేవారికి విడివిడిగా చెబుతూ వచ్చిన విషయాలను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇది అందరికీ వర్తించే సమాచారం మాత్రమే. సంతకం పెట్టేముందు మీ కాగితాలను ఒక వకీలుకు చూపించాలి.

బేరం ఎందుకు నెమ్మది

దేవనహళ్ళి విమానాశ్రయం 2008లో మొదలైనప్పటి నుంచి బెంగళూరు వైపు భూమి ధరలు పెరిగాయి. ఆ వేడి ఉత్తరానికి వచ్చేకొద్దీ చల్లబడుతుంది. లేఔట్లు వేసేవారికి కావలసింది రోడ్డు పక్క ఖాళీ స్థలం, ఊరి నడుమ పాత మిద్దె కాదు. ఇక్కడ ఇల్లు కొనేది ఎక్కువగా చుట్టుపక్కల వాళ్లే. పట్టుపురుగులు మేపే రైతు, బస్టాండు దగ్గర అంగడి ఉన్నవాడు, పిల్లల చదువు కోసం పల్లె నుంచి పెద్ద ఊరికి వచ్చేవాడు. వీళ్ల చేతిలో డబ్బు ఆడేది శిడ్లఘట్ట మార్కెట్టులో పట్టుగూళ్ల ధరను బట్టి. గూళ్ల ధర బాగుంటే ఇంటి మాట కదులుతుంది, పడితే ఆగుతుంది. దీనికి తోడు నీళ్ల ఎద్దడి. కొళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది, సంపు ఉందా అన్నది గోడల కంటే ముందు అడిగే ప్రశ్న. ఆషాఢం, ధనుర్మాసం ఎలాగూ బేరాలకు సెలవు.

అంటే ఇల్లు అమ్ముడుపోకపోవడం ఇంటి తప్పే కానక్కరలేదు. కొనేవాళ్లు తక్కువ కనుక వచ్చిన ఆ ఒక్కడిని కాగితాల లోపంతో పోగొట్టుకోకూడదు. మన చేతిలో ఉన్నది అదొక్కటే.

ధర ఎలా కట్టాలి

మూడు లెక్కలు వేసుకోండి. మొదటిది, ప్రభుత్వ మార్గసూచి దర. కర్ణాటకలో ఈ దరలను 2023 అక్టోబరు 1 నుంచి సవరించారు. కావేరి ఆన్‌లైన్ సేవల్లో మీ ఊరి దర చూసుకోవచ్చు. రెండోది, గత రెండేళ్లలో మీ వీధిలో నిజంగా రిజిస్టరైన ధరలు. అరుగు మీద చెప్పుకునే ధర వేరు, పత్రంలో పడిన ధర వేరు. మూడోది, ఇంటి వయసు. రాతి బండల కప్పు, మట్టి గోడల ఇంటికి కొనేవాడు కట్టడం విలువ ఇవ్వడు, స్థలం విలువే ఇస్తాడు. మన నాయన ఎంత కష్టపడి కట్టాడన్నది మనకు విలువ, అతనికి కాదు. ఈ మాట కష్టంగా ఉన్నా ముందే మనసుకు చెప్పుకుంటే బేరంలో కోపాలు రావు.

మొదట ఎక్కువ చెప్పి నెలకోసారి తగ్గించుకుంటూ పోతే, ఆ ఇంటికేదో లోపముందనే మాట ఊరంతా పాకుతుంది. ఇవ్వగలిగిన ధరకు కొంచెం పైన నిలబడి, తగ్గేది ఒక్కసారే తగ్గండి.

ముందు సరిచేసుకోవలసిన కాగితాలు

పంచాయతీ పరిధిలోని ఇంటికి 2013 నుంచి ఇ-స్వత్తు పద్ధతి ఉంది. ఫారం 9, ఫారం 11ఎ ఉంటే కాగితం సక్రమం. ఫారం 11బి అంటే భూపరివర్తన లేకుండానో, అనుమతి లేని లేఔట్‌లోనో ఉన్న ఆస్తి అని అర్థం. 11బి ఇంటికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం కనుక మొత్తం సొమ్ము చేతిలో ఉన్నవాడే కొనాలి. అలాంటివాడు ధర తగ్గించే అడుగుతాడు. పాత చేతిరాత ఖాతా ఒక్కటే ఉంటే ఇప్పుడు రిజిస్ట్రేషన్ జరగదు. ఇ-ఖాతా తప్పనిసరి. దీనికి కొలతల నక్ష, కందాయం రశీదులు, యజమాని గుర్తింపు కావాలి. కొనేవాడు వచ్చాక మొదలుపెడితే అతను ఆగడు. ఇల్లు అమ్మకానికి పెట్టకముందే చేయించండి.

గ్రామఠాణాలోని ఇళ్లను డ్రోన్లతో కొలిచి కార్డులిచ్చే స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్ 24న మొదలైంది. తొలి విడత రాష్ట్రాల్లో కర్ణాటక ఒకటి. మీ ఊళ్లో కొలత అయి ఉంటే అందులోని విస్తీర్ణం, మీ పత్రంలోని విస్తీర్ణం ఒకటేనా అని చూడండి.

ఋణభార పత్రం, అంటే ఈసీ, కావేరిలో తీసుకోవచ్చు. 2004 ఏప్రిల్ నుంచి జరిగిన లావాదేవీలు కంప్యూటర్లో ఉన్నాయి. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అర్జీ పెట్టాలి. ఫారం 15లో లావాదేవీలు ఉంటాయి, ఏమీ లేకపోతే ఫారం 16 ఇస్తారు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు రెండు. ఒకటి, పేర్లు. ఇక్కడి కన్నడ రికార్డుల్లో ఇంటిపేరు ఉండదు. 'బిన్' అని తండ్రి పేరు, 'కోం' అని భర్త పేరు రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరుతో, పత్రంలో ఇంటిపేరు లేకుండా ఉంటే ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం సిద్ధం చేసుకోవాలి. రెండు, తెలుగులో రాసుకున్న పాత పాలుపట్టీలు. అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు రాసుకుని పెట్టెలో దాచిన ఆ కాగితానికి ఇంట్లో గౌరవం ఉంటుంది కాని, రిజిస్టరు కాకపోతే దాన్ని నమ్ముకుని కొనేవాడు డబ్బు పెట్టడు. దాన్ని పారేయవద్దు. కన్నడ అనువాదం చేయించి, ఆ పంపకాన్ని ఇప్పుడు అందరి సంతకాలతో రిజిస్టరు చేయించుకోండి.

ఇంటి మీద బ్యాంకు అప్పు తీరి ఉంటే అసలు పత్రాలు వెనక్కి వచ్చాయా చూడండి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2023 డిసెంబరు 1 తరువాత, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు పత్రాలు ఇవ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి.

ప్రభుత్వం మంజూరు చేసిన స్థలమైతే హక్కుపత్రంలోని షరతులు పంక్తి పంక్తి చదవాలి. ఎన్నాళ్ల దాకా అమ్మకూడదో అందులోనే ఉంటుంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి మంజూరైన భూమి విషయంలో 1978 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా చేసిన అమ్మకం చెల్లదు. ఎన్నేళ్లు గడిచినా దావా వేయవచ్చని 2023లో సవరణ చేశారు.

అక్కచెల్లెళ్ల సంతకం

మన ఊళ్లలో అమ్మకాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. చెడితే ఇల్లు ఒక్కటే కాదు, పుట్టింటి రాకపోకలు కూడా పోతాయి.

హిందూ కుటుంబంలో తండ్రి సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, వీలునామా లేకుండా ఆయన పోతే, భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు సమానంగా చెందుతుంది. పిత్రార్జితమైతే కర్ణాటకలో 1994 జూలై 30 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు సమాన హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణతో పెళ్లయినవారికీ వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం ఈ సవరణ కదిలించదు.

"పెళ్లిలో బంగారం పెట్టాం, ఇక వాళ్లకేముంది" అనే మాట చట్టం ముందు నిలవదు. ఖాతా అన్న పేరున ఉంది కనుక ఇల్లు అన్నదే అనేదీ నిలవదు. ఖాతా కందాయం కట్టడానికి, హక్కుకు మూలం పత్రం. నాడకచేరిలో వంశవృక్షం తీసుకోండి. అందులో ఆడపిల్లల పేర్లు వదలకండి. వదిలితే ఆ ఒక్క కారణంతోనే కోర్టు మెట్లు ఎక్కాల్సి వస్తుంది. తరువాత పౌతి ఖాతా, అంటే వారసుల పేరున ఖాతా, మార్పించండి.

అక్కచెల్లెళ్లు తమ భాగం అక్కరలేదంటే ఆ మాట రిజిస్టరైన హక్కు ఖులాసా పత్రంలో ఉండాలి. లేదంటే వాళ్లు కూడా క్రయపత్రంలో అమ్మేవారుగా సంతకం చేసి, తమ భాగం సొమ్ము తమ బ్యాంకు ఖాతాలోకే తీసుకోవాలి. నేను ఈ రెండో దారే చెబుతాను. డబ్బు చేతికందిన చెల్లెలు పదేళ్ల తరువాత కూడా అన్న ఇంటికి పండక్కి వస్తుంది.

తల్లి ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే ముందు ఆమె ఎక్కడుంటుందో తేల్చండి. ఆమె మాట వినకుండా బ్రోకరును ఇంటికి తీసుకురాకండి. ఆమె పేరున భాగం ఉంటే ఆ సొమ్ము ఆమె పేరునే డిపాజిట్ చేయండి.

అమెరికాలోనో గల్ఫులోనో ఉన్న పిల్లలు రాలేకపోతే అక్కడి భారత రాయబార కార్యాలయంలో పవర్ ఆఫ్ అటార్నీ చేసి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు చెల్లించాలి. జీపీఏ రాసిచ్చి డబ్బు తీసుకుంటే అది అమ్మకం కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11నే చెప్పింది.

అడ్వాన్స్, అగ్రిమెంట్

తెల్లకాగితం మీద అడ్వాన్స్ తీసుకోకండి. అగ్రిమెంటులో మొత్తం ధర, అందిన సొమ్ము, మిగతాది ఇచ్చే తేదీ, తేదీ తప్పితే ఏమవుతుందో, ఈ నాలుగూ ఉండాలి. నెమ్మది మార్కెట్టులో కొందరు చిన్న అడ్వాన్స్ ఇచ్చి, ఇంటిని పట్టిపెట్టి, ఎక్కువ ధరకు మరొకరిని వెతుకుతారు. గడువు 3 నెలలకు మించనీయకండి. కొనేవాడు దావా వేయడానికి చట్టం 3 ఏళ్లు ఇస్తుంది. గడువే రాయకపోతే ఆ చిక్కు ఇంకా సాగుతుంది.

మొత్తం సొమ్ము రాకముందు తాళం ఇవ్వకండి. స్వాధీనంతో కూడిన అగ్రిమెంటుకు కర్ణాటకలో క్రయపత్రానికి పడే స్టాంపే పడుతుంది. పైగా ఇంట్లో చేరినవాణ్ని బయటికి పంపడం తేలిక కాదు. ఇంటి అమ్మకం సొమ్ము 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడవచ్చు.

రిజిస్ట్రేషన్ ఖర్చు

ఇది ఆనవాయితీగా కొనేవాడిదే అయినా మనకు తెలిసి ఉండాలి. అతను చేతిలో ఉన్న సొమ్ములో దీన్ని తీసేసే ధర చెబుతాడు. పల్లె ప్రాంతంలో 18 లక్షల ఇంటికి లెక్క ఇలా ఉంటుంది.

- స్టాంపు సుంకం 5 శాతం: 90,000
- దాని మీద సెస్సు 10 శాతం: 9,000
- సర్‌చార్జి 3 శాతం: 2,700
- రిజిస్ట్రేషన్ రుసుము 2 శాతం: 36,000
- మొత్తం: 1,37,700 రూపాయలు

రిజిస్ట్రేషన్ రుసుము 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం నుంచి 2 శాతం అయింది. కొత్త ఫ్లాట్ల తొలి రిజిస్ట్రేషన్‌కు ఇచ్చిన స్టాంపు రాయితీ పాత ఇంటికి వర్తించదు. బేరం ధర, మార్గసూచి విలువ, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే ఈ లెక్క. సంతకాలైన పత్రాన్ని 4 నెలల్లో రిజిస్ట్రేషన్‌కు పెట్టాలి.

ఆదాయపన్ను

రెండేళ్లకు పైగా మన పేరున ఉన్న ఇంటి లాభం దీర్ఘకాల లాభం. వారసత్వంగా వచ్చిందైతే తండ్రి ఉంచుకున్న కాలమూ కలుస్తుంది. 2024 జూలై 23కు ముందు కొన్న ఇంటికి, ఇక్కడ నివసించే వ్యక్తులకు, రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అది కడితే చాలు.

ఉదాహరణకు 2005-06లో 3 లక్షలకు కొన్న ఇల్లు 2025-26లో 18 లక్షలకు అమ్మారనుకుందాం. ధరల పెరుగుదల లెక్కలోకి తీసుకోకపోతే లాభం 15 లక్షలు, 12.5 శాతం చొప్పున పన్ను 1,87,500. సూచీ ప్రకారం కొన్న ధరను పెంచితే (3 లక్షలు × 376 ÷ 117) అది 9,64,103 అవుతుంది. లాభం 8,35,897, దాని మీద 20 శాతం 1,67,179. ఇక్కడ రెండోదే మేలు. సెస్సు దీనికి అదనం. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. అది ఆనాటి స్టాంపు విలువను మించకూడదు.

ఆ లాభంతో ఏడాది ముందుగా గాని, రెండేళ్లలోపు గాని మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మేరకు పన్ను ఉండదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాడు 1 శాతం మినహాయించి మీ పాన్ మీద ప్రభుత్వానికి కడతాడు.

అమ్మలేకపోతే

ఏడాది చూసినా బేరం కుదరకపోతే సగానికి తెగనమ్మడం ఒక్కటే దారి కాదు. పంచాయతీ, బడి, బ్యాంకు ఉద్యోగులకు 11 నెలల ఒప్పందంతో అద్దెకివ్వవచ్చు. పురుగుల కొట్టం ఉంటే దాన్ని విడిగా రైతుకు ఇవ్వవచ్చు. తాళం వేసిన ఇల్లు రెండు వానాకాలాలకే కారుతుంది, దీపం వెలిగే ఇంటికి ధర నిలబడుతుంది. కాని పిల్ల పెళ్లికో, ఆసుపత్రికో డబ్బు తక్షణం కావాలంటే అమ్మడానికి సిగ్గుపడనక్కరలేదు. ఇల్లు కట్టింది మనుషుల కోసమే.

చివరగా, రిజిస్ట్రేషన్ రోజున చూసుకోవలసినవి: ఇ-ఖాతా, ఈసీ, కందాయం రశీదు, కరెంటు బిల్లు బాకీ లేదన్న రుజువు, వంశవృక్షం, అందరి ఆధార్, పాన్. మిగతా సొమ్ము బ్యాంకులో పడిందని చూసుకున్నాకే వేలిముద్ర వేయండి. క్రయపత్రం కన్నడలో ఉంటుంది. చదవడం రాని పెద్దవాళ్లకు దాన్ని తెలుగులో పూర్తిగా చదివి వినిపించండి. తన ఇల్లు ఎవరికి, ఎంతకు, ఏ హద్దులతో పోతోందో సంతకం పెట్టే మనిషికి తన భాషలో తెలియాలి.