రెండు రోజుల విహారము, రెండు లక్షల ఏండ్ల చరిత్ర

సెలవు దినములు వచ్చినప్పుడు కుటుంబములు తిరుపతికో, హంపికో, అరకులోయకో బయలుదేరుట పరిపాటి. అవన్నియు చూడదగినవే. కాని పేరు పడిన ఊళ్లకు పోవు దారిలో, ఎవరును దిగి చూడని చిన్న ఊళ్లలో కూడ చరిత్ర ఉన్నది. ఒక్కొక్కప్పుడు అది రాజుల చరిత్రకంటె ఎంతో పాతది. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములు ఇట్టివి. 2022వ సంవత్సరము వరకు ఇవి కర్నూలు జిల్లాలో ఉండెడివి. అందుచేత పాత గ్రంథములలో ఇచ్చటి గుహలను కర్నూలు గుహలనియే వ్రాసినారు. శని, ఆదివారములు రెండును చేతిలో ఉన్నచో బెలుం, బిల్లసర్గం, జ్వాలాపురం అను మూడు చోట్లను పిల్లలతో చూచి రావచ్చును. మొదటిదానిలో చూడవలసినది రాయి, రెండవదానిలో ఎముక, మూడవదానిలో బూడిద.

నీరు తొలిచిన రాయి

తెలుగునాట ఎన్నో ఇండ్లలో నేలమీద పరచిన నాపరాళ్లు బేతంచెర్ల ప్రాంతమునుండి వచ్చినవే. ఆ రాయి ఒక రకపు సున్నపురాయి. ఈ ప్రాంతములో సున్నపురాయి విస్తారముగా ఉండుటచేతనే ఇచ్చట గుహలు ఏర్పడినవి.

వాన చినుకు గాలిలోనుండియు, నేలలోనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొద్దిగా ఆమ్లగుణము పొందును. ఆ నీరు రాతి పగుళ్లలో దిగి సున్నపురాయిని మెల్లమెల్లగా కరగించును. పగులు సందుగా, సందు గుహగా మారుటకు ఎన్నో వేల ఏండ్లు పట్టును. దీనిని బడిలోనే చూపవచ్చును. తేర్చిన సున్నపు నీటిలోనికి గొట్టముతో ఊపిరి ఊదినచో నీరు పాలవలె తెల్లబడును. ఇంకను ఊదుచున్నచో తెలుపు విరిగి నీరు తేటపడును. ఇదే రాయి కరగుట. ఆ తేట నీటిని కాచినచో మరల తెల్లబడును. గుహలో నీటి బొట్టునుండి వాయువు విడిపోయినప్పుడు సున్నము ఇట్లే మరల పేరుకొని, పైకప్పునుండి ఊడలవలె దిగును. ఊదు పిల్లవాడు ఆ నీటిని నోటిలోనికి పీల్చకుండ ఉపాధ్యాయుడు దగ్గర నిలిచి చూడవలెను.

బెలుం గుహలలో ఈ పని అంతయు కన్నులకు కట్టును. పైన చదునైన నేల. క్రింద 3,229 మీటర్ల గుహామార్గము. బిలము అను మాటనుండియే బెలుం వచ్చినదని చెప్పుదురు. భూగర్భశాస్త్రజ్ఞుడైన రాబర్టు బ్రూస్ ఫుట్ 1884లో వీటిని పేర్కొనినాడు. తరువాత దాదాపు నూరేండ్లు ఎవరును పట్టించుకొనలేదు. 1982 మొదలు జర్మను శాస్త్రజ్ఞుడు గెబావరు, ఆయన తోడివారు లోనికి దిగి కొలతలు తీసి పటము వ్రాసినారు. 2002లో గుహలను ప్రజలకు తెరచినారు. దీపములు, మెట్లు ఉన్నందున చిన్న పిల్లలతో కూడ వెళ్లవచ్చును.

గుహలో దొరకిన ఎముకలు

బేతంచెర్ల సమీపమున ఉన్న బిల్లసర్గం గుహలకు అట్టి అలంకారములు లేవు. కప్పు కూలిపోయి లోయలవలె తెరచుకొన్న బాటలు, వాటి ప్రక్కల చీకటి గుహలు, గబ్బిలములు మాత్రమే కనబడును. కాని శాస్త్ర చరిత్రలో వీటి పేరు బెలుంకంటె ముందు వచ్చినది. కెప్టెన్ న్యూబోల్డు అను సైనికాధికారి ఇచ్చట ఎముకలు గట్టిపడి ఉన్న పొరలను గూర్చి 1844లో ప్రకటించినాడు. తరువాత ఇంగ్లండునుండి హక్స్‌లీ మహాశయుడు ఈ గుహలను పరిశోధింపుమని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌ను కోరినాడు. అప్పుడు ఫుట్, ఆయన కుమారుడు లెఫ్టినెంటు హెన్రీ ఫుట్ 1884, 1885 సంవత్సరములలో త్రవ్వకములు సాగించినారు. ఎముకలు ఎక్కువగా దొరకిన గుహకు వారు పెట్టిన ఇంగ్లీషు పేరునకు ఎముకల కొట్టు అని అర్థము.

గుహలో ఇన్ని ఎముకలు ఎట్లు చేరినవి? గుడ్లగూబలు తిన్న చిన్న జంతువుల ఎముకలను ముద్దలుగా కక్కును. ముళ్లపంది ఎముకలను కొరుకుటకు తెచ్చుకొనును. దుమ్ములగొండి సంగతి దాని పేరే చెప్పుచున్నది. దుమ్ము అనగా ఎముక. పుల్లని నేలలో ఎముక కరగిపోవును గాని సున్నపు మన్నులో చాలకాలము నిలుచును. ఆ అవశేషములను పరీక్షించిన లిడెక్కరు 1886లో ఒక ఖడ్గమృగమునకు కర్నూలు పేరు కలియునట్లు శాస్త్రనామము పెట్టినాడు. నేడు ఖడ్గమృగమును చూడవలెనన్నచో అస్సాముకు పోవలెను గదా!

ఈ కథ ఫుట్‌తో ముగియలేదు. తండ్రీకొడుకులు త్రవ్వగా మిగిలిన మట్టి పొరలను నేటి శాస్త్రజ్ఞులు మరల పరీక్షించి 2014లో ఫలితములు ప్రకటించినారు. రెండు లక్షల ఏండ్ల పొరలలో వారు గుర్తించిన క్షీరదములు 21 రకములు. వాటిలో 20 రకములు మన ఉపఖండములో నేటికీ బ్రతికియున్నవి. ఇథియోపియాలోని గెలాడా కోతికి దగ్గరి చుట్టమైన ఒక్క కోతిజాతి మాత్రమే నశించినది. మంచుయుగము చివర ఆస్ట్రేలియా, అమెరికా ఖండములలో పెద్ద జంతువులు అనేకము అంతరించినవి. ఇచ్చట మాత్రము మనుష్యుడును మృగములును ఒకే దేశమున చిరకాలము కలిసి బ్రతికినట్లు ఈ గుహ సాక్ష్యమిచ్చుచున్నది.

సముద్రము దాటి వచ్చిన బూడిద

యాగంటి దర్శనమునకు వచ్చు యాత్రికులలో జ్వాలాపురం చూచువారు అరుదు. బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలోని చిన్న గ్రామమిది. పేరు చూచి ఇచ్చట అగ్నిపర్వతము ఉండెనని భ్రమపడరాదు. ఇచ్చటి నేలలో మెత్తని తెల్లని బూడిద పొర ఉన్నది. అది సుమారు 2,600 కిలోమీటర్ల దూరమునుండి వచ్చినది. ఇప్పటికి సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపములోని టోబా అగ్నిపర్వతము బ్రద్దలైనది. ఆ బూడిద బంగాళాఖాతము మీదుగా వచ్చి భారతదేశమున కురిసినది. సూక్ష్మదర్శినిలో చూచినచో అది సన్నని గాజు పెంకులుగా కనబడును. ఆ గాజులోని మూలకముల పాళ్లు టోబా బూడిదతో సరిపోవుటచేత దాని పుట్టుక తెలిసినది. ఆకాశమునుండి పడిన పొర కొద్ది సెంటీమీటర్లే. చుట్టుప్రక్కల కొండలమీద పడినదానిని వాన నీరు కొట్టుకొని వచ్చి లోయలో మేట వేయగా, కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల మందము వరకు పెరిగినది.

ఇచ్చట త్రవ్విన పెట్రాగ్లియా, రవి కొరిశెట్టరు మొదలగువారు 2007లో ఒక ముఖ్య విషయమును ప్రకటించినారు. బూడిద పొరకు క్రిందను, పైనను దొరకిన రాతి పనిముట్లు ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నవి. అనగా అంత ఉత్పాతము తరువాత కూడ ఈ లోయలో మనుష్యులు నిలిచిరని వారి అభిప్రాయము. ఆ పనిముట్లు చేసినవారు మనవంటి మానవులా, అంతకు పూర్వపు జాతివారా అను వాదము ఇంకను తెగలేదు. అది తేలవలెనన్నచో పొరలు చెదరక ఉండవలెను.

చూచువారి బాధ్యత

అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. పాత్రలు తోము పొడులలో కలుపుటకు జ్వాలాపురం బూడిదను త్రవ్వి తరలించినారు. ఆ త్రవ్వకముల గోతులవల్లనే పొర శాస్త్రజ్ఞుల కంటబడినదనుట నిజమే. కాని అట్లు పోయిన బూడిద క్రింద ఏమి ఉండెనో ఇక ఎవరును చెప్పలేరు. త్రవ్వువారిని మాత్రము నిందించి లాభము లేదు. కూలివానికి అది ఆనాటి బత్తెము, ఊరివారికి అది తెల్లమన్ను. దాని విలువ చెప్పినవారు లేకపోవుటయే లోపము.

బిల్లసర్గం ఇందుకు పాఠము చెప్పుచున్నది. మట్టిలోని ఇసుక రేణువు కడపట ఎండ చూచి ఎంతకాలమైనదో లెక్కించు పద్ధతి 1885లో లేదు. ఆనాడు గుహలోని మన్ను అంతయు ఎత్తిపోసి ఉన్నచో, 2014లో పరీక్షించుటకు ఏమి మిగిలెడిది? నేడు మనకు తెలియని పరీక్షలు రేపటివారికి తెలిసియుండును. వారికొరకు కొంత విడిచిపెట్టుట మన ధర్మము.

కావున పిల్లలను తీసికొనిపోవు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కొన్ని నియమములు పాటింపవలెను. బిల్లసర్గమునకు దారి తెలిసిన ఊరివానిని తోడు తీసికొని, ఒక్కొక్కరికి ఒక టార్చిలైటు ఇచ్చి, పగటి వేళనే వెళ్లవలెను. గోడలమీద పేర్లు చెక్కరాదు. గులకరాయివలె కనబడినది పనిముట్టు కావచ్చును. ఏ పొరలో ఉన్నదో తెలిసినంతవరకే అది చరిత్ర, జేబులో పడినచో వట్టి రాయి. దానిని ఉన్నచోటనే ఉంచి బొమ్మ గీసికొనవలెను. పొరల రంగును, మందమును కొలిచి పుస్తకములో వ్రాసికొనవలెను. ఆ ఊరి బడిపిల్లలు కనబడినచో ఆ బొమ్మ చూపి, వారి తెల్లమన్ను ఎక్కడనుండి వచ్చినదో చెప్పవలెను. ఊరివారికి దాని విలువ తెలిసినప్పుడే ఆ పొరకు నిజమైన కాపలా ఏర్పడును.