పాసిర్ రిస్ మడతోపు: ఆరుబయటి చదువు చరిత్ర

సింగపూరు ద్వీపమున ఈశాన్య తీరమందు, పులావ్ ఉబిన్ దీవిని కన్నులయెదుట నిలుపుకొనియున్న పాసిర్ రిస్, నేడు బహుళాంతస్తుల నివాసములతో నిండిన పట్టణభాగమే యైనను, 60 సంవత్సరములకు పూర్వము కొబ్బరితోటలతోడను, మలయు పల్లెలతోడను, విహారార్థము వచ్చు నగరవాసుల తీరగృహములతోడను కూడిన మారుమూల కడలియొడ్డు. ఆ పల్లెల బాలురు ఆటుపోటుల వేళలను, పీతల జాడలను, గాలివాటమును పెద్దలవెంట తిరుగుచునే గ్రహించిరి. వారిని ఆరుబయటికి గొనిపోవుటకు ఏ ప్రణాళికయు, ఏ అనుమతిపత్రమును అవసరపడలేదు. బయలు తఱిగిన కొలదిని దానిని పాఠముగ మార్చుకొనవలసిన అగత్యము పెరిగెననుటయే ఈ తీరచరిత్ర మనకు బోధించు మొదటి సంగతి.

1970ల చివర ఇచ్చట సముద్రమును పూడ్చి భూమిని పెంచిరి. 1980లలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కొత్తపట్టణమును కట్టుటయు, 1989 డిసెంబరులో మెట్రోరైలు వచ్చి చేరుటయు జరుగగా, పల్లెలు క్రమముగ అంతరించెను. పూడ్చిన నేలపై సుమారు 70 హెక్టార్ల ఉద్యానము వెలసెను. అయినను, నిర్మాతలు ఒక వివేకము చూపిరి: సుమారు 6 హెక్టార్ల మడతోపును చెక్కుచెదరనీయక, పోటునీరు దినదినమును దానిలోనికి వచ్చిపోవు మార్గమును కాపాడిరి. తరువాతి కాలమున దానిమీదుగ కొయ్యబాటయు, పక్షులను చూచుటకు మూడంతస్తుల మంచెయు నిర్మింపబడెను.

ఈ తోపు ఎట్టి పాఠ్యగ్రంథమో చూడవలెను. బురదయందు ప్రాణవాయువు స్వల్పము గావున మడచెట్ల వేళ్లు మొలకలవలె నిటారుగ పైకి లేచి గాలి పీల్చుకొనును. ఉప్పుపొన్నజాతి మడవృక్షముల విత్తనము తల్లిచెట్టుననే మొలకెత్తి, ఈటెవలె పొడవుగ సాగి, పిమ్మట జారి బురదలో నాటుకొనును, లేదా నీటిపై తేలి మఱియొక తీరమును వెదకుకొనును. తడియాఱని చర్మముద్వారా ఊపిరి తీసికొనుచు నేలపై గెంతు చేపలు, లోతునుండి మట్టిని పైకి తోడి దిబ్బలు కట్టు బురదరొయ్యలు, కొమ్మలపై గూళ్లు కట్టుకొను బూడిదరంగు కొంగలు ఇచ్చట కలవు. గోదావరి ముఖద్వారమున కోరంగి యందలి నల్లమడ, తెల్లమడ చెట్లకు సజాతీయమైన వృక్షము పేరనే ఈ ఉద్యానమున ప్రవహించు ఆపి ఆపి యేటిని పిలుచుచున్నారు. జీవశాస్త్రము, భూగోళము, తుదకు గణితము సైతము ఇచ్చట ఒక్క గంటలో ఒకదానితో నొకటి కలిసిపోవును.

అయితే ఆరుబయటి చదువునకు సింగపూరు తొలుత ఇచ్చిన రూపము వేఱు. యుద్ధకాలమున, 1941లో, వేల్సు తీరమున విద్యావేత్త కుర్ట్ హాన్ ఆరంభించిన సాహసవిద్యాపద్ధతిని సింగపూరు మంత్రి గో కెంగ్ స్వీ చొరవతో 1967లో పులావ్ ఉబిన్‌లో నెలకొల్పిరి. ఔట్‌వర్డ్ బౌండ్ పాఠశాల యను నా సంస్థ లక్ష్యము క్రొత్త రాజ్యమునకు దృఢకాయులును, కష్టసహిష్ణువులును అగు పౌరులను తయారు చేయుట. ప్రకృతిపరిశీలనమను సౌమ్యమార్గము మాత్రము 1940లో స్థాపితమైన మలయా ప్రకృతి సంఘమువంటి ఉత్సాహపరుల చేతులలో ఉండిపోయెను. 1998లో అధ్యయనయాత్రలు ప్రారంభమై, బాలురు కార్యాలయములను, స్మారకస్థలములను దర్శించిరి. 2014 వ్యాయామవిద్యా పాఠ్యక్రమమున ఆరుబయటి విద్య ఒక విభాగమయ్యెను. 2016లో ప్రకటింపబడిన జాతీయ ప్రణాళిక సెకండరీ మూడవ తరగతి విద్యార్థులందఱకును 5 దినముల సాహసశిబిరమును నిర్దేశించెను. ఈ నడుమ, 2001 డిసెంబరులో, ఉబిన్ దీవి తూర్పుకొనయందలి చెక్ జావా తీరమును పూడ్చు ఆలోచన వాయిదాపడుటకు, ఆ బురదనేలను స్వయముగ చూచివచ్చిన సామాన్యజనుల విజ్ఞాపనలు తోడ్పడెను. చూచినవాడే కాపాడునను సత్యమునకు అంతకంటె సాక్ష్యము వలదు.

ఈ ప్రణాళికలన్నిటిలోను బాలుని బయటికి పంపు ఏర్పాటు కలదు. తరగతి ఉపాధ్యాయుని చేతికి ధైర్యమిచ్చు ఏర్పాటు ఆలస్యముగ వచ్చెను. ఏడాదికి 160కి పైగ దినములు ఉఱుములతో కూడియుండు ఈ దేశమున, 30, 40 మంది పిల్లలను కొయ్యబాటపై నడిపించు ఉపాధ్యాయుడు మేఘములను చూడవలెను, పోటువేళ తెలిసికొనవలెను, తల్లిదండ్రులకు జవాబు చెప్పవలెను, పరీక్షల పాఠమును వెనుకపడనీయరాదు. అట్టివానికి శిబిరనిపుణుని సాహసముకంటె, ముందుగ పిల్లలు లేకుండ ఒకసారి తోపును నడచి చూచుటకు అవకాశము, వెంట వచ్చు మఱియొక పెద్ద, కాలపట్టికలో సడలింపు, ప్రధానోపాధ్యాయుని అండ ఎక్కువ అవసరములు. 2010లో స్థాపితమైన ఉపాధ్యాయ అకాడమీ సహోద్యోగులు పరస్పరము నేర్చుకొను సంప్రదాయమును పెంచుటయు, శిశువిద్యోపాధ్యాయుల శిక్షణకై 2019లో ప్రత్యేక జాతీయసంస్థ వెలయుటయు ఈ లోటును కొంత తీర్చెను. పాసిర్ రిస్ కొయ్యబాటపై నేకెడ్ హెర్మిట్ క్రాబ్స్ అను స్వచ్ఛంద బృందమువారు ఉచితముగ నడిపించు దర్శనములు మఱికొంత తీర్చుచున్నవి. వారివెంట నడచిన ఉపాధ్యాయుడు తాను ముందుగ విద్యార్థియై, పిదప బోధకుడగును.

తెలుగువారికి ఈ వృత్తాంతము పరాయిది కాదు. మన వీథిబడులలో పిల్లలు అరుగులపై కూర్చుండి ఇసుకలో ఓనమాలు దిద్దిరి. మదనపల్లె చెంత 1926లో బీజము పడిన ఋషివ్యాలీ విద్యాలయము తన లోయనే పాఠముగ చేసికొనగా, 1991లో ఆ లోయ పక్షిసంరక్షణ స్థలముగ గుర్తింపబడెను. అచ్చటి గ్రామీణ విద్యాకేంద్రము పల్లె ఉపాధ్యాయులకు తోడునీడయై పనిచేయుచున్నది. 1978లో అభయారణ్యముగ ప్రకటింపబడిన కోరంగి 235 చదరపు కిలోమీటర్లు విస్తరించియున్నది. అచ్చటను మడలనడుమ కొయ్యబాట కలదు. 6 హెక్టార్ల తోపుతో ఒక నగరము చేయగలిగినదానిని, అంత యడవి గల మనము చేయలేమా? కాకినాడ పరిసరముల విద్యాధికారులకు నా విన్నపమొక్కటే: పిల్లల విహారయాత్రకు బస్సు కుదుర్చుటకు ముందు, ఉపాధ్యాయునికి జీతముతోకూడిన ఒక దినము ఇచ్చి, పోటుపట్టిక చేతికిచ్చి, అడవి తెలిసిన బెస్తవానిని తోడిచ్చి కోరంగికి పంపుడు. ఆ మఱునాడు అతడు పిల్లలను తానే వెంటబెట్టుకొని పోవును.