హుక్‌కు మందు, స్లైస్‌కు విషం: బెన్ హోగన్ నేర్పిన పాఠం

జ్వరం రోగం కాదు, రోగలక్షణం. గోల్ఫ్ ఆటలో బంతి వంకరగా పోవడమూ అటువంటిదే. అమెరికా క్రీడాకారుడు బెన్ హోగన్ (1912–1997) చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

టెక్సాస్‌లో పుట్టిన హోగన్ 1930లో వృత్తి క్రీడాకారుడయ్యాడు. అయినా ఒంటరిగా ఒక పోటీ గెలవడానికి 1940 దాకా వేచి ఉండవలసి వచ్చింది. అతనిని వేధించిన దోషం 'హుక్'. కుడిచేతి వాటం ఆటగాడి బంతి గాలిలో ఎడమకు బలంగా వంగిపోతే హుక్ అంటారు. కుడికి వంగితే 'స్లైస్'.

హుక్ ఉన్నవారు గురిని కాస్త కుడికి మార్చుకుంటే ఆ పూటకు గడుస్తుంది. అది జ్వరానికి మాత్ర వేసి ఊరుకోవడం వంటిది. హోగన్ కారణాన్ని వెదికాడు. బంతిని తాకే క్షణంలో గోల్ఫ్ కర్ర ముఖం, కర్ర సాగే దారికంటె ఎడమకు తిరిగి ఉంటే హుక్ పుడుతుంది. పిడి మీద ఎడమచేయి మరీ కుడివైపుకు తిరిగి ఉండటం దానికి ఒక ముఖ్య కారణం. హోగన్ ఎడమ బొటనవేలిని పిడి నడిమికి జరిపాడు. కర్రను పైకెత్తినప్పుడు ఎడమ మణికట్టును చేతి వెనుకవైపుకు కొద్దిగా వంచాడు. దానితో ఎంత బలంగా కొట్టినా హుక్ భయం తీరింది.

1949 ఫిబ్రవరిలో అతని కారును బస్సు ఢీకొంది. ఎముకలు విరిగాయి. సిరలలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరకుండా వైద్యులు అధో మహాసిరను కట్టివేశారు. పదహారు నెలలకే, కాళ్లకు పట్టీలు చుట్టుకొని, హోగన్ 1950 యు.ఎస్. ఓపెన్ గెలిచాడు.

1955లో 'లైఫ్' పత్రికలో తన రహస్యాన్ని వెల్లడిస్తూ, ఇది సరిగా ఆడలేనివారిని చెడగొడుతుందని కూడా హెచ్చరించాడు. సామాన్య ఆటగాళ్లలో ఎక్కువమందిది స్లైస్. వారి కర్ర ముఖం అప్పటికే కుడికి తెరుచుకొని ఉంటుంది. హుక్ మందు వాడితే బంతి ఇంకా కుడికి పోతుంది. వారు ఎడమచేతిని పిడిపై కొంచెం కుడివైపుకే తిప్పి పట్టుకోవాలి.

తల తిరుగుతోందని పొరుగువారి రక్తపోటు మాత్ర అడిగి వేసుకునేవారు మన మధ్య ఉన్నారు. రక్తపోటు పడిపోవడం వల్లనే తల తిరుగుతుంటే ఆ మాత్ర ప్రాణం మీదికి తేవచ్చు. ఎంత గొప్ప మందైనా రోగనిర్ణయం తరువాతే వేసుకోవాలి.